టెక్ కంపెనీ పెద్దాయన ఏదో అన్నారని వార్త వస్తే దాన్ని ఎలా చదవాలి

"కోడింగ్ నేర్చుకోనక్కర్లేదని ఎన్విడియా ఆయనే అన్నాడట, మా అమ్మాయికి సీఎస్‌ఈ వద్దంటారా?" ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు మొదలైతే చాలు, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్ల టెన్షన్ ఇంకో రకం: "సగం ఉద్యోగాలు పోతాయంటున్నారు, హోమ్ లోన్ తీసుకోవచ్చా?" అడిగేవాళ్లందరి చేతిలో ఉండేది ఒక హెడ్‌లైనో, వాట్సాప్ ఫార్వర్డో, ముప్పై సెకన్ల రీలో. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు, అలాంటి మాట మీ దాకా వచ్చినప్పుడు మీరే దాన్ని ఎలా పరీక్షించుకోవాలో వరసగా రాస్తున్నాను. మొదటిసారి ఓ గంట పట్టొచ్చు. అలవాటైతే త్వరగా అయిపోతుంది.

కావలసినవి

- ఆ మాట అన్న వీడియో గానీ, పూర్తి పాఠం గానీ. రీల్ సరిపోదు.
- ఒక నోట్‌బుక్కు, లేదా ఫోన్లో ఒక షీట్. తేదీలు రాసుకోవడానికి ఇది తప్పనిసరి.
- ఆ కంపెనీ వెబ్‌సైట్లో ఇన్వెస్టర్ల పేజీ, ఉద్యోగాల పేజీ.
- అమెరికాలో లిస్టయిన కంపెనీ అయితే అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ నడిపే ఎడ్గార్ వెబ్‌సైట్. మన కంపెనీ అయితే బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో కంపెనీ ప్రకటనల విభాగం. అన్నీ ఉచితమే.
- ఇంగ్లిష్ బాగా చదివే ఒక మనిషి తోడుంటే మంచిది. యూట్యూబ్ తనంతట తాను చేసే తెలుగు సబ్‌టైటిల్స్ మీద ఆధారపడకండి. "కావచ్చు" అన్నది "అవుతుంది" అయిపోయే ప్రమాదం ఉంది.

1. ఆ మాట నిజంగా అన్నారా లేదా తేల్చుకోండి

ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్నారు? ఈ మూడింటికీ జవాబు దొరకని మాటను పక్కన పెట్టేయండి. "640 కేబీ మెమరీ ఎవరికైనా చాలు" అని బిల్ గేట్స్ అన్నట్టు దశాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. తానెప్పుడూ అలా అనలేదని ఆయన చెప్పారు, అన్నట్టు ఆధారం చూపించినవాళ్లూ లేరు. ప్రపంచం మొత్తానికి ఐదు కంప్యూటర్లు చాలని ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ 1943లో అన్నారనేదీ అంతే. ఇవి ఇప్పటికీ ప్రసంగాల్లో, పాఠ్య పుస్తకాల్లో కనబడుతుంటాయి.

హెచ్చరిక: డబ్బు పెట్టమనే వీడియో అయితే ఇక్కడే ఆగిపోండి. తాను ఆటోమేటిక్ ట్రేడింగ్ యాప్‌లను మెచ్చుకుంటున్నట్టు, వాటిలో డబ్బు పెట్టినట్టు నకిలీ వీడియోలు తిరుగుతున్నాయని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023 డిసెంబర్‌లో స్వయంగా జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. ముఖం, గొంతు సరిపోయాయి కదా అని నమ్మే రోజులు పోయాయి. వీడియోలో కనబడే మనిషి అధికారిక ఖాతాలో గానీ, కంపెనీ సైట్లో గానీ లేని పెట్టుబడి సలహా మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఈ ఒక్క సంగతి కూర్చోబెట్టి చెప్పండి.

2. ప్రశ్న నుంచి మొదలుపెట్టి జవాబు చివరిదాకా వినండి

తప్పులన్నింటిలో ఎక్కువగా జరిగేది ఇక్కడే. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2023 జూన్‌లో ఢిల్లీ వచ్చినప్పుడు, మన దగ్గర ముగ్గురు మంచి ఇంజినీర్లు, కోటి డాలర్లు ఉంటే మీలాంటి ఏఐ మోడల్ కట్టగలమా అన్న అర్థంలో ఇన్వెస్టర్ రాజన్ ఆనందన్ అడిగారు. మాతో పోటీ పడటం పూర్తిగా వ్యర్థమని మేం చెబుతాం, అయినా ప్రయత్నించడం మీ పని, ఈ రెండూ నేను నమ్ముతాను అన్నది ఆల్ట్‌మన్ జవాబు సారాంశం. హెడ్‌లైన్లలో మొదటి సగమే మిగిలింది. "భారతీయుల వల్ల కాదన్నాడు" అని దేశమంతా కోపగించుకుంది. టెక్ మహీంద్రా సీఈవోగా ఉన్న సి.పి. గుర్నానీ సవాలు స్వీకరించామని ప్రకటించారు కూడా.

ఆయన మాటలో అతిశయం లేదని కాదు. పోటీ దాదాపు వ్యర్థమేననే ఆయన అభిప్రాయం. కానీ ప్రశ్నలో ఉన్న డబ్బెంత, జవాబు రెండో సగం ఏమిటి అన్నవి తెలియకుండా కోపం తెచ్చుకున్నా, భయపడినా అది ఆయన మాట మీద కాదు, ఎవరో కత్తిరించిన ముక్క మీద.

ఎలా చేయాలంటే: క్లిప్‌లో వినిపించిన నాలుగైదు ఇంగ్లిష్ మాటలు యథాతథంగా వెతికితే పూర్తి వీడియో సాధారణంగా దొరుకుతుంది. యూట్యూబ్‌లో ట్రాన్స్‌క్రిప్ట్ తెరిచి ఆ మాట దగ్గరికి వెళ్లండి. దానికి ముందు అడిగిన ప్రశ్న, తర్వాత రెండు నిమిషాలు చదవండి. పూర్తి వీడియో దొరక్కపోతే ఒకదాన్నొకటి కాపీ కొట్టని రెండు పత్రికలు ఏం రాశాయో పోల్చండి.

3. ఎదురుగా కూర్చున్నది ఎవరో చూడండి

పెద్ద కంపెనీ అధిపతి ఒకే విషయాన్ని ఇన్వెస్టర్లకు ఒకలా, ఉద్యోగులకు ఇంకోలా, మంత్రులకు మరోలా చెబుతారు. అబద్ధం చెబుతున్నారని కాదు, ఎవరికి ఏది అమ్మాలో దాని మీద ఒత్తు పెడతారు.

ఏఐకి వాడే చిప్‌లు అమ్మే ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ కోడింగ్ మాటే తీసుకుందాం. 2024 ఫిబ్రవరిలో దుబాయ్‌లో జరిగిన వరల్డ్ గవర్నమెంట్స్ సమ్మిట్‌లో యూఏఈ ఏఐ మంత్రితో మాట్లాడుతూ అన్నారు. పిల్లలందరూ కంప్యూటర్ సైన్స్ నేర్చుకోవాలని ఇన్నాళ్లూ చెప్పారు, నేను దానికి దాదాపు వ్యతిరేకం చెబుతాను, ఎవరూ ప్రోగ్రామింగ్ చేయనక్కర్లేని టెక్నాలజీ తయారుచేయడం మా పని, మనుషుల భాషే ప్రోగ్రామింగ్ భాష అవుతుంది అన్నారు. బయాలజీ, విద్య, తయారీ, వ్యవసాయం లాంటి రంగాల్లో లోతైన జ్ఞానం ఉన్నవాళ్లకు అవకాశాలు పెరుగుతాయని కూడా అన్నారు. ఎదురుగా ఉన్నది ప్రభుత్వాల మనుషులు. ప్రతి దేశమూ తన సొంత ఏఐ తయారుచేసుకోవాలన్నది అదే వేదిక మీద ఆయన గట్టిగా చెప్పిన మాట. అలా తయారుచేసుకోవాలంటే కావలసిన చిప్‌లు ఎక్కువగా అమ్మేది ఎన్విడియానే.

ఇది తెలిశాక ఆ మాట తప్పని తేలిపోదు. కానీ హైదరాబాద్‌లో ఇంటర్ చదివే అమ్మాయికి బ్రాంచ్ సలహాగా ఆయన దాన్ని చెప్పలేదని మాత్రం తేలుతుంది. ఇప్పుడు ఎన్విడియా ఉద్యోగాల పేజీ తెరిచి, ఆ కంపెనీకి ఆఫీసులున్న బెంగళూరు, హైదరాబాద్, పుణెల్లో ఏ పోస్టులున్నాయి, ఏ డిగ్రీ అడుగుతున్నారు, ఏ భాషల్లో ప్రోగ్రామింగ్ రావాలంటున్నారు చూడండి. కంపెనీ జీతం ఇచ్చి తెచ్చుకునే నైపుణ్యం ఏదో అక్కడ రాసి ఉంటుంది. వేదిక మీది మాటనూ ఈ పేజీనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

4. వాక్యాన్ని మూడు ముక్కలు చేయండి

జరిగింది, జరుగుతుంది, జరగాలి. ప్రతి వాక్యమూ ఈ మూడింటిలో ఎక్కడో ఒక చోటికి చేరుతుంది. నోట్‌బుక్కులో మూడు గడులు గీసుకుని అందులో రాయండి.

జరిగింది: గూగుల్‌లో కొత్తగా రాసే కోడ్‌లో పావు వంతుకు పైగా ఏఐ తయారుచేస్తోందని, తర్వాత ఇంజినీర్లు దాన్ని పరిశీలించి ఆమోదిస్తున్నారని ఆ కంపెనీ అధిపతి సుందర్ పిచాయ్ 2024 అక్టోబర్‌లో ఇన్వెస్టర్లకు చెప్పారు. అందరూ ముందు సగం చెప్పుకుంటారు, రెండో సగం వదిలేస్తారు. ఇది కోడ్ గురించిన లెక్క, మనుషుల లెక్క కాదు. పావు వంతు కోడ్ అంటే పావు వంతు ఇంజినీర్లు అని అర్థం చేసుకోవడం పెద్ద పొరపాటు. తమ కోడ్‌లో 20-30 శాతం సాఫ్ట్‌వేరే రాస్తోందని 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల చెప్పిన మాట కూడా పూర్తిగా వినండి. "బహుశా" అన్నారు, "కొన్ని ప్రాజెక్టుల్లో" అన్నారు. హెడ్‌లైన్‌లో 30 మాత్రమే ఉంటుంది.

జరుగుతుంది: ఇది జోస్యం. దీన్ని 6వ మెట్టులో చూద్దాం.

జరగాలి: యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబర్‌లో నారాయణమూర్తి అన్నది ఈ గడిలోకి వస్తుంది. అది ఒక వ్యవస్థాపకుడి అభిప్రాయం. కంపెనీ నియమం కాదు, చట్టం అంతకన్నా కాదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టింది. అదే ఇన్ఫోసిస్‌లో, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రోజుకు 9 గంటల 15 నిమిషాలు దాటితే ఆరోగ్యం చూసుకోమని హెచ్‌ఆర్ నుంచి మెయిళ్లు వెళుతున్నాయని 2025లో పత్రికల్లో వచ్చింది. మీ మేనేజర్ ఎవరో పెద్దాయన మాట చూపించి శని, ఆదివారాలు రమ్మంటే, మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో, కంపెనీ పాలసీలో ఏముందో చదివి మాట్లాడండి. మీకు వర్తించేవి ఆ రెండు కాగితాలు, మీ రాష్ట్ర చట్టం.

5. చట్టానికి జవాబు చెప్పాల్సిన కాగితంతో పోల్చండి

వేదిక మీద ఏమన్నా పెద్దగా అడిగేవాళ్లుండరు. మార్కెట్ నియంత్రణ సంస్థకు ఇచ్చే కాగితంలో తప్పు రాస్తే మాత్రం జరిమానాలు, కేసులు ఉంటాయి. అందుకే అక్కడి భాష మారిపోతుంది. అమెరికా కంపెనీలు ఏటా ఇచ్చే 10-కె నివేదికలో "రిస్క్" విభాగం ఉంటుంది. సీఈవో సభలో గొప్పగా చెప్పిన ఉత్పత్తి పేరు పట్టుకుని ఆ విభాగంలో వెతకండి. "మా ఏఐ ఆశించినట్టు పనిచేయకపోవచ్చు, పెట్టిన ఖర్చు తిరిగి రాకపోవచ్చు" అనే తరహా వాక్యాలు చాలా కంపెనీల నివేదికల్లో కనబడతాయి. మన దగ్గర లిస్టయిన కంపెనీ ఇన్వెస్టర్లతో జరిపే త్రైమాసిక కాల్ పాఠాన్ని 5 పనిదినాల్లోపు బయట పెట్టాలని మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో కాల్స్ అన్నీ చదవొచ్చు. చివర్లో వచ్చే ప్రశ్నలు, జవాబుల భాగం ముందు చదవండి. అసలు సంగతులు అక్కడే బయటపడతాయి.

ప్రకటన కూడా కాగితమంత బరువు మోయాల్సి వచ్చిన సందర్భం ఒకటుంది. టెస్లాను ఒక్కో షేరుకు 420 డాలర్లిచ్చి, స్టాక్ మార్కెట్ నుంచి తప్పించి ప్రైవేటు కంపెనీగా మార్చాలనుకుంటున్నానని, నిధులు సిద్ధమని 2018 ఆగస్టులో ఎలాన్ మస్క్ ట్వీట్ చేశారు. ఎస్ఈసీ కేసు పెట్టింది. రాజీలో మస్క్ 2 కోట్ల డాలర్లు, టెస్లా మరో 2 కోట్ల డాలర్లు కట్టాయి, మస్క్ ఛైర్మన్ పదవి వదులుకున్నారు. షేర్‌హోల్డర్లు వేసిన వేరే దావాలో 2023లో జ్యూరీ ఆయన పక్షానే తీర్పిచ్చింది. మాట నమ్మి షేర్లు కొని నష్టపోతే డబ్బు తిరిగొస్తుందన్న హామీ ఏమీ లేదని దీన్నిబట్టి గుర్తుంచుకోండి.

ఉద్యోగాల కోత విషయంలో కారణాలను కూడా ఇలాగే పోల్చాలి. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం, అంటే దాదాపు 12,000 మందిని తగ్గిస్తున్నట్టు చెప్పింది. ఏఐ వల్ల కాదు, నైపుణ్యాల పొంతన కుదరకపోవడం వల్ల, కొందరిని ప్రాజెక్టుల్లో పెట్టలేకపోవడం వల్ల అని సీఈవో కృతివాసన్ వివరణ ఇచ్చారు. అమెజాన్ అధిపతి ఆండీ జాస్సీ 2025 జూన్‌లో ఉద్యోగులకు రాస్తూ ఏఐ వల్ల రానున్న కొన్నేళ్లలో ఆఫీసు సిబ్బంది తగ్గుతారన్నారు. అక్టోబర్‌లో 14,000 మందిని తీసేసినప్పుడు మాత్రం ప్రస్తుతానికి ఇది ఏఐ వల్ల కాదు, కంపెనీ సంస్కృతి కోసం అన్నారు. ఒకే ఏడాది, ఒకే మనిషి. ఏ ఒక్క వాక్యం పట్టుకున్నా సగమే తెలుస్తుంది, అందుకే కనీసం ఆరు నెలల మాటలు పక్కపక్కన పెట్టుకోండి.

6. జోస్యమైతే గడువు రాసుకోండి

ఎంత, ఎప్పటికి, దేనిలో. మూడూ ఉంటేనే అది పరీక్షించగల జోస్యం. రానున్న 3 నుంచి 6 నెలల్లో కోడ్‌లో 90 శాతం ఏఐ రాసే స్థితికి వస్తామని ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ అధిపతి డారియో అమోదెయ్ 2025 మార్చిలో అన్నారు. ఎంత, ఎప్పటికి అన్నవి ఉన్నాయి. ఎవరి కోడ్‌లో? ఒక కంపెనీ కోడా, ప్రపంచం మొత్తం కోడా? అది స్పష్టంగా లేకపోతే గడువు దాటాక ఎవరి లెక్క వారిదవుతుంది. ప్రోగ్రామర్ ఏం కావాలో చెప్పడం, డిజైన్ నిర్ణయాలు తీసుకోవడం అప్పటికి ఇంకా మిగిలే ఉంటాయని ఆయన అదే సందర్భంలో చెప్పారు కూడా.

పాత జోస్యాలు ఎలా తేలాయో చూస్తే కొత్తవాటికి ఎంత విలువివ్వాలో తెలుస్తుంది. ఏడాదిలో డ్రైవర్ అక్కర్లేని రోబో టాక్సీలు పది లక్షలకు పైగా రోడ్డు మీద ఉంటాయని మస్క్ 2019 ఏప్రిల్‌లో అన్నారు. టెస్లా ఆ సేవ మొదలుపెట్టింది 2025 జూన్‌లో, అమెరికాలోని ఆస్టిన్‌లో, కొద్దిపాటి కార్లతో, ముందు సీట్లో కంపెనీ మనిషిని కూర్చోబెట్టి. ఐఫోన్‌కు చెప్పుకోదగ్గ మార్కెట్ దక్కే అవకాశమే లేదని 2007లో అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ అన్నారు. తమ రంగంలో నిష్ణాతులే ఇటూ అటూ రెండు వైపులా గురి తప్పారు.

కొందరు దిద్దుకుంటారు, అది కూడా రాసుకోండి. నిజంగా పనికొచ్చే క్వాంటమ్ కంప్యూటర్లకు 15 నుంచి 30 ఏళ్లు పట్టొచ్చన్నట్టు 2025 జనవరిలో హువాంగ్ మాట్లాడితే క్వాంటమ్ కంపెనీల షేర్లు ఒక్కసారిగా కుప్పకూలాయి. మార్చిలో ఆ కంపెనీల అధిపతులనే వేదిక మీదికి పిలిచి, తన అంచనా తప్పని వాళ్లు నిరూపించే అవకాశమిచ్చారు. మధ్యలో కంగారుపడి అమ్ముకున్నవాళ్ల నష్టం మాత్రం వాళ్లదే. స్వీడన్ చెల్లింపుల కంపెనీ క్లార్నా తన ఏఐ సహాయకుడు 700 మంది కస్టమర్ సర్వీస్ ఏజెంట్ల పని చేస్తోందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2025 మేలో అదే సీఈవో, ఖర్చు తగ్గించడం మీదే దృష్టి పెట్టడం వల్ల నాణ్యత తగ్గిందని ఒప్పుకుని, మనుషులను మళ్లీ తీసుకుంటున్నామన్నారు.

7. ఇప్పుడు మీ నిర్ణయం దగ్గరికి రండి

ఇంతా చేశాక మీరు తేల్చాల్సింది ఒక్కటే: ఈ మాట నిజమైతే నేను చేసే పని మారుతుందా? చాలాసార్లు మారదు.

బ్రాంచ్ విషయమైతే కాలేజీలో గత మూడేళ్లలో ఎంతమందికి, ఏ కంపెనీల్లో, ఏ జీతానికి ఉద్యోగాలొచ్చాయో సీనియర్లను అడగండి. అమ్మాయికి లెక్కలు ఇష్టమా, సర్క్యూట్లు ఇష్టమా అన్నది అమ్మాయినే అడగండి. నాలుగేళ్ల తర్వాతి ఉద్యోగాల గురించి దుబాయ్ వేదిక మీది రెండు నిమిషాల కన్నా ఈ రెండూ మీకు ఎక్కువ చెబుతాయి. హోమ్ లోన్ విషయమైతే ఉద్యోగం పోయినా ఆరు నెలల ఈఎంఐ కట్టగల డబ్బు పక్కన ఉందా చూసుకోండి. ఎవరి జోస్యం ఫలించినా, ఫలించకపోయినా అది అవసరమే.

అమెరికాలో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా: తొలగింపు లేఖల్లో "పూర్తి బాధ్యత నాదే" అనే వాక్యం దగ్గరే ఆగిపోయి బాధపడకండి. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేసినప్పుడు పిచాయ్ లేఖలో ఆ వాక్యం ఉంది. అమెరికా ఉద్యోగులకు కనీసం 60 రోజుల నోటీసు కాలం జీతం, ఆపైన 16 వారాల జీతం, పనిచేసిన ప్రతి అదనపు ఏడాదికి 2 వారాలు అన్న వివరాలు కింద ఉన్నాయి. హెచ్-1బీ వీసా మీద ఉంటే ఉద్యోగం ముగిసిన తర్వాత దొరికే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు. మీ చివరి పనిదినం ఏ తేదీ అని లేఖలో రాశారో ముందు అది చూసి, వెంటనే లాయర్‌ను అడగండి.

తీరిక లేనివాళ్లకు: 1, 3 మెట్లు చేయండి చాలు. నిజంగా అన్నారా, ఎవరితో అన్నారు. అవి కూడా కుదరకపోతే కనీసం ఫార్వర్డ్ చేయకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"మనవాడు" కాబట్టి నమ్మడం. నాదెళ్ల, అడోబీ శంతను నారాయణ్ హైదరాబాద్‌లో చదువుకున్నారని మనకు గర్వం, ఉండాలి కూడా. కానీ 2014 అక్టోబర్‌లో ఫీనిక్స్‌లో మహిళా ఇంజినీర్ల సదస్సులో, జీతం పెంచమని అడగడం కన్నా వ్యవస్థ మీద నమ్మకం ఉంచడం మేలన్నట్టు మాట్లాడింది నాదెళ్లే. వేదిక మీద ఆయన్ను ప్రశ్నలడుగుతున్న మరియా క్లావే అక్కడికక్కడే ఒప్పుకోలేదు. ఆ ప్రశ్నకు పూర్తిగా తప్పు జవాబిచ్చానని, పెంపు దక్కాలనుకుంటే అడగాల్సిందేనని ఆయన అదే రోజు ఉద్యోగులకు రాశారు. మొదటి మాట మాత్రమే విని, అడగడం మానేసిన అమ్మాయి ఎవరైనా ఉంటే దిద్దుబాటు తనకు చేరాలి. దయచేసి చేర్చండి.

అన్నీ అబద్ధాలని కొట్టిపారేయడం. ఇది కూడా అంతే తప్పు. పిచాయ్ చెప్పిన కోడ్ లెక్క కంపెనీ ఇన్వెస్టర్లకు చెప్పినది, దాన్ని గాలి మాటగా తీసేయలేం. ఫ్రెషర్లు చేసే పని స్వరూపం మారుతోందన్నది బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు పట్టించుకోవాల్సిన విషయం.

షేరు ధర కదిలింది కాబట్టి మాట నిజమనుకోవడం. ధర కదిలిందంటే జనం భయపడ్డారనో, ఆశపడ్డారనో మాత్రమే అర్థం.

సరిగా చేశారో లేదో ఎలా తెలుసుకోవాలి

ఆ మాటను మీ సొంత వాక్యాల్లో రెండు ముక్కల్లో రాయండి. అందులో ఎవరితో, ఎప్పుడు, ఏ షరతుతో అన్నారో ఉండాలి. ఉదాహరణకు: "2024 ఫిబ్రవరి, దుబాయ్, ప్రభుత్వాల సభ. హువాంగ్. జరుగుతుంది గడి: ప్రోగ్రామింగ్ అక్కర్లేని రోజు వస్తుంది, గడువు చెప్పలేదు. ఆయన కంపెనీ ప్రయోజనం: చిప్‌ల అమ్మకం. ఉద్యోగాల పేజీలో చూసింది: ... మళ్లీ చూడాల్సిన తేదీ: ..." ఖాళీలు మీరు నింపాలి.

రాసింది అసలు వీడియో చూడని ఒకరికి ఇచ్చి చదవమనండి. తర్వాత వాళ్లకు వీడియో చూపించండి. "మీరు రాసింది వేరు, ఇక్కడున్నది వేరు" అంటే 2వ మెట్టు దగ్గర ఏదో వదిలేశారని అర్థం, వెనక్కి వెళ్లండి. "అవును, ఇదే అన్నాడు" అంటే ఆ పేజీ పూర్తయినట్టు. గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, ఆ రోజు వచ్చినప్పుడు పక్కన అవును, కాదు, తేలలేదు అని మూడింటిలో ఒకటి రాయండి.